నంబరు పుట్టిన ఏడాది

పాత కారును బాగు చేయించేటప్పుడు ఇంజను, డెంటింగు, పెయింటు, సీట్ల రెగ్జిన్ అన్నీ అయ్యాక చిట్టచివర మిగిలేది నంబరు ప్లేటు. నెల్లూరు తీరంలోని కోట, వాకాడు పక్కల ఏ షెడ్డులోనో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న అంబాసిడరో, ఫియట్టో తిరిగి రోడ్డెక్కే రోజున యజమాని పెయింటరుతో చెప్పే మాట సాధారణంగా ఒకటే: నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు రాయి, పాత బండిలా కనబడాలి. కోరిక మంచిదే. అయితే పాతగా కనబడటం వేరు, ఆ కాలానికి సరిపోవటం వేరు. ప్లేటు ఏ కాలానిదై ఉండాలో కారు తయారైన ఏడాదిని బట్టి నిర్ణయిస్తే చాలాసార్లు తప్పు వస్తుంది. నిర్ణయించాల్సింది ఆ నంబరు పుట్టిన ఏడాదిని బట్టి. ఇది అర్థం కావాలంటే మన నంబర్లు నడిచిన దారి కొంత తెలియాలి.

1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద సొంత కార్లకు నల్ల రంగు మీద తెల్ల అక్షరాలు, ట్యాక్సీలు, బస్సులు, లారీలకు తెల్ల రంగు మీద నల్ల అక్షరాలు ఉండేవి. ముందు అక్షరాలు, తరువాత నాలుగంకెలకు మించని సంఖ్య. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది. కాబట్టి కోటలో అంతకుముందు కొన్న కారు నంబరు మద్రాసు ‘ఎం’తోనే మొదలయ్యేది. ఆంధ్ర రాష్ట్రం, తరువాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు మన రోడ్ల మీద స్థిరపడ్డాయి. 1988 చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చాక ‘ఏపీ’ పక్కన జిల్లాను తెలిపే రెండంకెలు చేరాయి. దాదాపు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఆదిలాబాదుకు 1 దక్కితే నెల్లూరుకు 26 వచ్చింది. రంగులు మాత్రం అప్పుడు మారలేదు. 2001లో కేంద్రం నిబంధనలు సవరించిన తరువాతే సొంత బండ్లకు తెలుపు మీద నలుపు, కిరాయి బండ్లకు పసుపు మీద నలుపు వచ్చాయి. అంటే నల్ల రేకు మీద తెల్లగా రాసిన ‘ఏపీ 26’ కూడా ఒకప్పుడు అచ్చంగా చట్టబద్ధమైన ప్లేటే. దాని ఆయుష్షు సుమారు పన్నెండేళ్లు.

ఈ చివరి సంగతి చాలామంది దృష్టికి రాదు. 1965లో మద్రాసులో రిజిస్టరైన ఒక ఫియట్టు 1992లో చేతులు మారి కోట చేరిందనుకుందాం. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఏడాదికి మించి మన దగ్గర ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి కాబట్టి దానికి నెల్లూరులో ‘ఏపీ 26’ నంబరు ఇచ్చారు. ఇప్పుడు ఆ కారు యజమాని 1965 నాటి రూపం కోసం ఊహించి మూడక్షరాల నంబరొకటి రాయించుకుంటే అది ఇంకెవరి బండిదో అయ్యుండవచ్చు, లేదా అసలు ఏ బండిదీ కాకపోవచ్చు. అలాగని ‘ఏపీ 26’ను 1965 నాటి ప్లేటుగా చూపించబోతే ఆ ఏడాది అలాంటి నంబరే లేదు. ఆ బండికి సరైనవి రెండే. పాత ఆర్‌సీలో మద్రాసు నంబరు దొరికితే ప్రదర్శనలో నిలిపినప్పుడు దాన్ని తగిలించవచ్చు, పక్కన ఇది తొలి నంబరు అని ఒక చిన్న బోర్డు పెట్టి. దొరకకపోతే నల్ల రేకు మీద తెల్ల ‘ఏపీ 26’. అది 1965 కాదు గానీ నిజంగా ఈ బండి మోసిన ప్లేటు. కారు మద్రాసు నుంచి కోటకు వచ్చిన సంగతిని కూడా అదే చెబుతుంది.

మన ప్రాంతంలో ఈ పట్టింపు ఎందుకంటే, సరిహద్దులు ఎన్నిసార్లు మారాయో నంబర్లే గుర్తుపెట్టుకున్నాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా కందుకూరు నెల్లూరు జిల్లాలోదే. 1960ల నాటి కందుకూరు కారు కాగితాల్లో నెల్లూరు పేరు కనబడితే అది పొరపాటు కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కోట మండలం తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి బండ్ల మీద 26 అలాగే ఉండిపోయింది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ‘ఏపీ 39’ ఇవ్వటం మొదలుపెట్టడంతో కొత్త నంబరును చూసి బండి ఏ జిల్లాదో చెప్పటం పోయింది. పరిపాలనకు అది సుఖమే కావచ్చు. కానీ అందువల్లనే పాత నంబర్ల విలువ పెరిగింది.

నిజమైన నంబరు ఎక్కడ దొరుకుతుంది? మొదట పాత ఆర్‌సీ పుస్తకంలో. తరువాత పన్ను రసీదులు, బీమా కాగితాలు. వాటిలో ఛాసిస్ నంబరు కూడా ఉంటే కారు మీద కొట్టిన అంకెతో పోల్చుకోవాలి, లేకపోతే ఒకే ఇంట్లోని మరో బండి కాగితం కావచ్చు. ఇంకో మంచి ఆధారం పెళ్లి ఆల్బములు. పూలు కట్టిన కారు ముందు నూతన దంపతులు నిలబడ్డ ఫొటోలో బంపరు కింద ప్లేటు చాలాసార్లు స్పష్టంగా పడుతుంది. అక్షరాల వరుస, అవి ఒక లైనులో ఉన్నాయా రెండింటిలోనా, గీత ఎంత మందం అన్నవన్నీ అందులో చూడవచ్చు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. నలుపు తెలుపు ఫొటోలో తెల్లటి ప్లేటు కనబడితే ఇది తరువాతి కాలపు ఫొటో అని తోసెయ్యకూడదు, ఆ అంబాసిడరు అప్పట్లో ట్యాక్సీగా తిరిగి ఉండవచ్చు. ట్యాక్సీగా బతికిన కారుకు నల్ల ప్లేటు పెట్టడం దాని చరిత్రను చెరిపేయడమే. ఇక రేడియం స్టిక్కరు అక్షరాలు, అంచులకు నీడలు తీర్చిన సొగసు రాతలు ఆ కాలపువి కావు. కుంచెతో సమమైన మందంలో, సాదాగా రాసిన అక్షరమే సరైనది. ఉప్పుగాలి తగిలే ఊళ్లో రేకుకు ముందు రెడాక్సైడు పూయించకపోతే రెండు వానాకాలాలకే అక్షరాల కింద తుప్పు పొంగుతుంది.

ఇదంతా సరే, చట్టం ఒప్పుతుందా అన్నది గట్టి అభ్యంతరం. నడిచే రోడ్డు మీద ఒప్పదు. ఇప్పుడు ఇలాంటి సొంత కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలే ఉండాలి. కారు ప్లేటు కొలత 500 మిల్లీమీటర్లకు 120, లేదా 340కి 200. అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఇప్పుడు మనమే నడుపుకునే అద్దె కార్ల గుర్తు. కాబట్టి రాత్రిపూట దూరం నుంచి నల్ల ప్లేటు చూసిన పోలీసు పొరబడితే అతని తప్పు లేదు. ప్రమాదం జరిగినప్పుడు చూసినవాళ్లు గుర్తుపెట్టుకోగలగాలి, కెమెరా చదవగలగాలి. దీన్ని చాదస్తమని కొట్టిపారేయలేం. అయితే ఇది ప్లేటు రంగుకూ తీరుకూ సంబంధించిన వాదన. నంబరు దగ్గరికి వచ్చేసరికి చట్టం మన పక్షానే ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఇప్పటికే నంబరున్న బండికి ఆ పాత నంబరే కొనసాగుతుంది. కొత్తగా నమోదయ్యే వాటికి మాత్రం రాష్ట్రం అక్షరాల తరువాత ‘వీఏ’ అన్న గుర్తుతో వేరే వరుస ఇస్తారు. వింటేజ్‌గా నమోదైన బండ్లు ర్యాలీలకూ ప్రదర్శనలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు కావు.

ఇంత తక్కువగా తిరిగే బండ్లకు రంగు విషయంలోనూ వెసులుబాటు ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 1980 జనవరి 1కి ముందు తయారై, చారిత్రక వాహనాల పన్ను తరగతిలో ఉన్న కార్లు నల్ల ప్లేట్లతోనే రోడ్డు మీద తిరుగుతాయి. కాలిఫోర్నియాలో పాత మోడళ్ల కార్లకు అవి తయారైన ఏటి అసలు ప్లేటు దొరికితే దానితోనే రిజిస్టరు చేయించుకునే వీలుంది. అక్కడి పోలీసులకూ నంబర్లు చదవాల్సిన అవసరం ఉంది, వాళ్లు చదువుకోగలుగుతున్నారు. తెల్ల అక్షరం నల్ల రేకు మీద చదవడానికి వీల్లేనిదైతే మన దేశంలో అన్ని దశాబ్దాలు ఎలా నడిచింది?

చూడ్డానికి బాగుంటే చాలదా, నంబరు ఏదైతేనేం అని ఇంకొందరంటారు. ప్రదర్శనకు వచ్చిన పిల్లవాడు ఆ కారును చూసి 1965లో నెల్లూరులో నంబర్లు ఇలా ఉండేవి అనుకుని వెళతాడు. పుస్తకంలో అచ్చుతప్పు పడితే దిద్దుకోవచ్చు, కంటితో చూసిన ప్లేటును మనసు అంత తొందరగా దిద్దుకోదు. అందుకే కాగితం దొరకని చోట నంబరు కల్పించకుండా ఇప్పుడున్న నంబరునే, అది ఇచ్చిన ఏడాదికి తగిన రంగులో రాయించమంటాను. రోడ్డు మీదికి తెల్ల ప్లేటు, నిలిపినచోట నల్ల ప్లేటు. రెంటి మీదా నంబరు మాత్రం ఆర్‌సీలో ఉన్నదే.