అడుగకయే వచ్చిన ఈ-మెయిలు

నేడు నేను చెప్పబూనినది, మనము అడుగకయే మన కంప్యూటరునకో చేతిఫోనునకో వచ్చెడి ఒక విధమగు ఉత్తరమును గూర్చి. "మీ యంత్రమున వైరసు ప్రవేశించినది. ఇరువదినాలుగు గంటలలో మీ ఖాతా మూతపడును. వెంటనే మా సాంకేతిక సహాయశాఖకు ఈ నంబరున ఫోను చేయుడు" అని అందుండును. పైన మైక్రోసాఫ్టు వంటి గొప్ప కంపెనీ ముద్ర యుండును. అది నిజమో కల్లయో తేల్చుకొనుట యెట్లు?

దొంగపత్రములు మనకు క్రొత్త కావు. ఒకడు కూటశాసనము చూపి ఒక గ్రామమును అనుభవించుచుండగా, దానిని రద్దుచేసి ఇతరులకు దానమిచ్చినట్లు 7వ శతాబ్దపు హర్షవర్ధనుని మధుబన్ తామ్రశాసనమున గలదు. మన ఓరుగంటి కాకతీయులకు వరాహము లాంఛనము. రాతిపై వరాహమును చెక్కుటకు శిల్పి కావలెను; కంపెనీ ముద్రను ఒకచోటినుండి యెత్తి వేరొకచోట అతికించుటకు బడిపిల్లవాడు చాలును.

పంపినవాని పేరును సైతము నమ్మరాదు. తపాలా కవరుపై ఎవరి పేరైనను వ్రాసి పెట్టెలో వేయవచ్చును గదా! ఈ-మెయిలును చేరవేయు నియమములను 1982లో వ్రాసినపుడు, పంపువాడెవడో పరీక్షించు ఏర్పాటు వానిలో లేదు. తరువాత కాపుదలలు చేర్చిరి గాని అవి యన్నిచోట్ల అమలులో లేవు.

అయినను, పేరు ప్రక్కనున్న విలాసమును చదువుట మేలు. మన ఉత్తరములపై జిల్లా పేరు చివర వచ్చినట్లే ఇందును అసలు యజమాని చివరనే యుండును. 'మైక్రోసాఫ్ట్ డాట్ కామ్' అనుదానితో ఆగక, వెనుక మరియొక పేరు తగిలించియున్నచో, ఆ చివరి పేరుగలవాడే యజమాని. ఆంగ్లమున 'ఆర్', 'ఎన్' అను చిన్నయక్షరములు దగ్గరగా వ్రాసిన 'ఎమ్' వలె కనబడును. చత్వారపు కన్నులకు ఇది మరింత చిక్కు.

విలాసము తప్పైనచో ఉత్తరము దొంగది యనుకొనుడు. ఒప్పైనంతమాత్రమున నిజమనరాదు. కావున ఆ ఉత్తరము చూపిన దారిని పోక, మనకు ముందే తెలిసిన దారిని పోవలెను. అందలి లింకును నొక్కవలదు. యంత్రము కొన్ననాటి రసీదుపైనో, బ్యాంకు పాసుపుస్తకముపైనో యున్న నంబరునకు ఫోను చేసి విచారింపుడు. అమ్మిన దుకాణదారుని అడిగినను సరియే. గూగులులో వెదకిన దొరకు నంబర్లలోను దొంగవి గలవు సుమా! తాము యంత్రమును బాగుచేసెదమని పిలువని చోటికి ఉత్తరము వ్రాయుట గాని, ఫోను చేయుట గాని తమ పద్ధతి కాదని మైక్రోసాఫ్టువారే ప్రకటించియున్నారు.

ఆ నంబరునకు ఫోను చేసిన నేమగును? తీయని మాటలాడి, ఎనీడెస్క్ వంటి యాప్‌ను ఎక్కించుకొమ్మందురు. అది మంచి పనులకై పుట్టినదే. కాని దానివలన మీ తెర వారికి కనబడును, మీ యంత్రము వారి యాజ్ఞకు లోబడును. పిమ్మట బ్యాంకు ఖాతా తెరువుమందురు. ధాన్యమమ్మిన సొమ్మును, పింఛనును, దూరదేశమునుండి కుమారుడు పంపినదియు అందే గదా యుండును! ఇట్టి ముఠాలు మన దేశమున కూర్చుండి విదేశీయులనుగూడ దోచినవి. 2023 అక్టోబరులో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేర 76 చోట్ల సోదాలు జరిపినపుడు, అందలి రెండు కేసులు అమెజాన్, మైక్రోసాఫ్టు కంపెనీల ఫిర్యాదులపై పెట్టినవే.

ఇప్పటికే ఎవరైన చిక్కినచో, సిగ్గుపడి దాచవలదు. ముందు ఇంటర్నెట్టును తెంపి, 1930 నంబరునకును బ్యాంకునకును ఫోను చేయవలెను. జాగైనకొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు మారుచుండును. ఆ ఉత్తరమును తుడిచివేయక యుంచుడు. వరంగల్లుననే సైబరు నేరముల పోలీసు స్టేషను గలదు; వారు దానిని అడుగవచ్చును.