చిగుళ్ల జబ్బుకు బ్రిటన్‌లో వైద్యం

చిగుళ్ల జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. బ్రష్ చేసుకునేటప్పుడు ఉమ్మిలో కనిపించే నెత్తురే చాలామందిలో తొలి గుర్తు. పళ్ల మొదళ్లలో పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా వల్ల చిగురు వాస్తుంది. అప్పుడే జాగ్రత్త పడితే పూర్తిగా నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే వాపు లోపలికి పాకి, పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. పొగతాగేవారిలో నెత్తురు తక్కువగా కారుతుంది కాబట్టి జబ్బు బయటపడడం ఆలస్యమవుతుంది. షుగర్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ కూడా అదుపులోకి రావడం కష్టమే.

బ్రిటన్‌లో డెంటిస్టు ముందుగా చేసేది బీపీఈ అనే పరీక్ష. నోటిని ఆరు భాగాలుగా విడదీసి, సన్నని కొలత కడ్డీని చిగురుకూ పంటికీ మధ్య మెల్లగా దించుతారు. దాని కొసన అర మిల్లీమీటరు గుండు, పైన 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా నల్లపట్టీ ఉంటాయి. డెంటిస్టు పైకి చదువుతుంటే నర్సు రాసుకునే అంకెలు ఈ పరీక్షవే. 0 అంటే ఆరోగ్యం, 1 అంటే నెత్తురు రావడం, 2 అంటే గార, అంటే గట్టిపడిన పాచి. నల్లపట్టీ కొంత మునిగితే 3, పూర్తిగా మునిగితే 4. పెద్ద అంకెలు వస్తే ఎక్స్‌రే తీసి, ఒక్కో పంటి చుట్టూ ఆరుచోట్ల లోతు కొలుస్తారు. ఈ అంకెలేమిటో రోగి అడిగి తెలుసుకోవడం మంచిది.

వైద్యంలో తొలిమెట్టు రోగి చేతిలోనే ఉంది. రోజుకు రెండుసార్లు బ్రష్ చేయడం, పళ్ల సందులకు సరిపోయే చిన్న బ్రష్‌లు వాడడం నేర్పి, పైగార తీసేస్తారు. పాచి, నెత్తురు సగానికి సగమైనా తగ్గాయో లేదో చూశాకే లోపలి శుభ్రానికి వెళ్లాలని అక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది రోగిని తిప్పించుకోవడం కాదు. ఇంట్లో పాచి పోకపోతే కుర్చీలో చేసిన పని నిలవదు.

తర్వాత మత్తు సూది ఇచ్చి, చిగురు కింద వేరుకు పట్టిన గారను అల్ట్రాసోనిక్ యంత్రంతో, చేతి పరికరాలతో తీస్తారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మనవాళ్లలో బలంగా ఉన్న భయం నిజం కాదు. గార పోయి, వాపు తగ్గి చిగురు బిగుసుకోవడంతో అప్పటికే ఉన్న సందులు బయటపడతాయి, అంతే. కొన్నాళ్లు చల్లనివి తగిలితే జివ్వుమనవచ్చు. సుమారు మూడు నెలలకు మళ్లీ కొలుస్తారు. అప్పటికీ లోతు తగ్గనిచోట మరోసారి శుభ్రం చేయడమో, నిపుణుడి దగ్గర చిన్న ఆపరేషనో అవసరం కావచ్చు.

ఖర్చు సంగతికొస్తే, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ కింద 2025 ఏప్రిల్‌లో పరీక్షకు రుసుము 27.40 పౌండ్లుగా ఉండేది, అవసరమైన పైగార తీత అందులోనే. చిగురు కింది శుభ్రం ఉంటే అప్పట్లో మొత్తం కలిపి 75.30 పౌండ్లు. ఒకే చికిత్సకు ఎన్నిసార్లు వెళ్లినా రుసుము ఒక్కటే. గర్భిణులకూ, కాన్పయిన ఏడాదిలోపు తల్లులకూ ఉచితం. వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జి కట్టినవారికి కూడా ఇవే నియమాలు.

జబ్బు అదుపులోకి వచ్చాక ముప్పును బట్టి మూడు నుంచి పన్నెండు నెలలకోసారి చిగుళ్లను చూపించుకుని, గార తీయించుకుంటూ ఉండాలి.