పారామెడికల్ కోర్సులు: వేతనం అంచనా వేసుకున్నాకే రుణం
విద్యార్థులు చూడవలసింది ఫీజు ఒక్కటే కాదు

న్యూఢిల్లీ: వైద్య కళాశాలల్లో సీటు లభించని ఇంటర్మీడియెట్ విద్యార్థుల్లో పలువురు పారామెడికల్ కోర్సుల వైపు మొగ్గు చూపుతున్నారు. లేబొరేటరీ టెక్నీషియన్, ఎక్స్‌రే, డయాలిసిస్, ఆపరేషన్ థియేటర్ సహాయకుల కోర్సులు తక్కువ కాలంలో ఉపాధి చూపుతాయన్న నమ్మకమే ఇందుకు కారణం. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. 2016లో జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ప్రారంభమైన తర్వాత జిల్లా ఆసుపత్రుల్లో సైతం డయాలిసిస్ టెక్నీషియన్ల అవసరం ఏర్పడింది. అయితే అప్పు చేసి చదివే విద్యార్థికి ఉద్యోగం దొరకడమొక్కటే చాలదు. ఆ ఉద్యోగం ఇచ్చే జీతం అప్పును తీర్చగలదా అన్నదే అసలు ప్రశ్న.

గుర్తింపు ఉన్నదా?

అన్నింటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం కోర్సుకు గల చట్టబద్ధత. ఈ రంగాన్ని క్రమబద్ధం చేసేందుకు పార్లమెంటు 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. దీని ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణునిగా పరిగణన పొందాలంటే రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2,000 గంటల శిక్షణ గల డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి. ఆరోగ్య సంరక్షణ నిపుణుని విషయంలో మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో 3,600 గంటలు తప్పనిసరి.

ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో ముగిసే సర్టిఫికెట్ కోర్సులు ఈ నిర్వచనంలో ఇమడవన్నది గమనార్హం. అటువంటి సర్టిఫికెట్‌తో చిన్న ఆసుపత్రుల్లో సహాయకులుగా పని దొరకవచ్చు. కానీ వృత్తి నిపుణునిగా నమోదుకు, ప్రభుత్వ నియామకాలకు అది చాలకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థులు తాము చేరబోయే సంస్థకు, కోర్సుకు తమ రాష్ట్ర పారామెడికల్ బోర్డు అనుమతి ఉన్నదీ లేనిదీ ఫీజు చెల్లించకముందే విచారించుకోవడం శ్రేయస్కరం.

వడ్డీ పెరిగే తీరు

బ్యాంకుల సంఘం రూపొందించిన విద్యారుణ పథకం ప్రకారం కోర్సు కాలం, ఆపై మరో ఏడాది వరకు వాయిదాలు చెల్లించనక్కర లేదు. అయితే ఈ విరామ కాలంలోనూ వడ్డీ ఆగదు. ఉదాహరణకు రెండేళ్ల డిప్లొమా కోసం ఏడాదికి లక్ష చొప్పున 2 లక్షల రూపాయలను 11 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. తొలి వాయిదా నాటికి సాధారణ వడ్డీ 55 వేలు కలిసి బాకీ 2.55 లక్షలకు చేరుతుంది. దీనిని ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 5,540 రూపాయలు కట్టాలి. చివరకు చెల్లించే మొత్తం 3.32 లక్షలు దాటుతుంది. గడువును పదేళ్లకు పెంచుకుంటే నెలసరి భారం 3,510కి తగ్గుతుంది కానీ మొత్తం చెల్లింపు 4.21 లక్షలకు పెరుగుతుంది.

కొత్తగా చేరిన టెక్నీషియన్‌కు చేతికందే జీతం 12 వేలు అనుకుంటే, ఐదేళ్ల వాయిదాకే అందులో దాదాపు సగం పోతుంది. మిగిలిన ఆరున్నర వేలతో పట్టణంలో గది అద్దె, భోజనం, ప్రయాణ ఖర్చులు సర్దుకుని ఇంటికి పంపడం సాధ్యమయ్యే పని కాదు. వాయిదా జీతంలో నాలుగో వంతు మించరాదని నియమం పెట్టుకుంటే, ఇదే వడ్డీకి, ఇదే గడువుకు ఆ విద్యార్థి చేయదగిన అప్పు సుమారు లక్షా 8 వేలు మాత్రమే. చదువుకునే కాలంలోనే వడ్డీని ఏ నెలకానెల చెల్లించగలిగితే 2 లక్షల రుణానికి వాయిదా 4,350 దగ్గర ఆగుతుంది. ఇలా చెల్లించేవారికి బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గించే వీలు కూడా ఉంది.

రాయితీలకు పరిమితులు

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం 8 లక్షల లోపు వార్షికాదాయం గల కుటుంబాల విద్యార్థులకు విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కల్పిస్తుంది. అయితే అది ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థలకే వర్తిస్తుంది. తొలి జాబితాలో చేరినవి 860 మాత్రమే. చిన్న పట్టణాల్లోని ప్రైవేటు సంస్థలో చేరేవారు ఈ రాయితీపై ఆశ పెట్టుకునే ముందు జాబితా చూసుకోవాలి. నైపుణ్య శిక్షణ రుణాల గరిష్ఠ పరిమితిని 2024 జూలైలో లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకు పెంచారు. పరిమితి పెరిగినంత మాత్రాన అప్పు తీర్చే శక్తి పెరగదు. వడ్డీపై లభించే ఆదాయపు పన్ను మినహాయింపు సైతం పన్ను పరిధిలోకి రాని వేతన జీవికి అక్కరకు రాదు.

విద్యారుణంలో సాధారణంగా తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం చేస్తారు. వాయిదాలు తప్పితే వారి పరపతి కూడా దెబ్బతిని, రేపు మరో బిడ్డ చదువుకు రుణం పుట్టడం కష్టం కాగలదు. కాబట్టి సంస్థ ప్రకటనలోని జీతాన్ని కాక, నిరుడు అక్కడ చదువు ముగించినవారికి నిజంగా అందుతున్న జీతాన్ని వాకబు చేయాలి. సమీప ఆసుపత్రిలోనూ అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ వైద్య సంస్థల్లో సీటు దొరికే అవకాశాన్ని ముందు పరిశీలించి, ఆ తర్వాతనే ప్రైవేటు ఫీజుకు సిద్ధపడాలి. సంతకం చేయడానికి ముందు కాగితంపై వేసుకునే ఈ లెక్కకు పట్టేది ఒక పూట. తప్పితే తీర్చుకోవలసి వచ్చేది పదేళ్లు.