పిల్లికి మూత్రం బిగిసినప్పుడు

మూత్రకృచ్ఛ్రానికి పల్లేరు కషాయం, బార్లీ నీరు మన ఇళ్ళలో వాడుకలో ఉన్నవే. మా గండుపిల్లి పదేపదే ముక్కుతూ, చుక్క మూత్రమైనా రాక అరచిన రాత్రి నేనూ పల్లేరుకాయలే వెదికాను. అది పొరపాటని తరువాత పశువైద్యుని వలన తెలిసింది.

పిల్లులలో మూత్రాశయపు వాపునకు చాలాసార్లు సూక్ష్మక్రిములు కారణం కావు. బెదురు, నీరు తక్కువగా త్రాగడం దోహదం చేస్తాయి. మగపిల్లి మూత్రనాళం మిక్కిలి సన్నం. అందులో సన్నని స్ఫటికాలు అడ్డుపడితే మూత్రం నిలిచి, రక్తంలో పొటాషియం పెరిగి, 48 గంటలలోపే ప్రాణాపాయం కలుగవచ్చు. అప్పుడు మూత్రం జారీ చేసే కషాయం హానికరం. పారాసిటమాల్ పిల్లులకు విషమే.

గొట్టం వేసి అడ్డు తొలగించాక మా పిల్లి బ్రతికింది. ఇప్పుడు ఆహారంలో నీరు కలిపి పెడుతున్నాను. మీ పిల్లి అలా ముక్కితే తెల్లవారేదాకా ఆగకండి.