మందు కంటే ముందు ఎలుక

రంగుల ఫ్యాక్టరీ కార్మికుల మూత్రాశయాల్లో కణితులు పుడుతున్నాయని 1895లోనే ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రెన్ గమనించాడు. తర్వాత్తర్వాత అనుమానం బీటా నాఫ్తైలమీన్ అనే రసాయనం మీద పడింది. అనుమానం సరే, రుజువేది? ఎలుకల మీద, కుందేళ్ల మీద చేసిన ప్రయోగాలు నమ్మదగ్గ ఫలితం ఇవ్వలేదు. చివరికి అమెరికాలో విల్‌హెల్మ్ హ్యూపర్ బృందం కుక్కలకు ఆ రసాయనాన్ని చాలాకాలం పాటు ఇచ్చి చూసింది. వాటి మూత్రాశయాల్లో కణితులు వచ్చాయి. ఆ ఫలితాలు 1938లో అచ్చయ్యాయి.

కుక్కకు వచ్చిన జబ్బు ఎలుకకెందుకు రాలేదు? ఒంట్లోకి చేరిన విషాన్ని కాలేయం మార్చి మూత్రంలోకి పంపుతుంది. ఏ రూపంలో పంపుతుందన్నది జంతువును బట్టి ఉంటుంది. కుక్కలోనూ మనిషిలోనూ ఆ రూపం మూత్రాశయానికి చేరాక మళ్లీ విషంగా మారి, గంటల తరబడి నిలిచిన మూత్రంలోంచి లోపలి పొరను దెబ్బతీస్తుంది. కాబట్టి ఏ జంతువును ఎంచుకున్నామన్నది చిన్న విషయం కాదు. తప్పు జంతువును అడిగితే తప్పు జవాబే వస్తుంది, ఆ జవాబును నమ్మి మనుషులు చచ్చిపోతారు.

అయినా ప్రయోగశాలలో కుక్కలతో పని కష్టం, ఖర్చు, మనసుకు భారం కూడా. 1964లో బీబీఎన్ అనే రసాయనం దొరికింది. దాన్ని తాగే నీళ్లలో కలిపితే ఎలుకల్లో మూత్రాశయానికే క్యాన్సర్ వస్తుంది. పెద్ద ఎలుకల్లో ఎక్కువగా పైపొర మీద మొలకల్లా వస్తే, చిట్టెలుకల్లో కండరంలోకి చొచ్చుకుపోయే రకం వస్తుంది. మనుషుల్లో ప్రాణం తీసేది ఈ రెండో రకమే.

ఎలుక మోసం చేసిన సందర్భమూ ఉంది. శాకరిన్ తిన్న మగ ఎలుకల్లో మూత్రాశయ కణితులు కనిపించడంతో 1977లో కెనడా దాన్ని ఆహారంలో నిషేధించింది, అమెరికాలో డబ్బాల మీద హెచ్చరిక వేయించారు. ఎలుక మూత్రంలోని ప్రోటీన్, కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి స్ఫటికాలుగా మారి పొరను గీరడం వల్లే ఆ కణితులు వచ్చాయని తర్వాత తేలింది. మనిషి మూత్రంలో అలా జరగదు. అమెరికా ఆ హెచ్చరికను 2000లో తీసేసింది.

1999లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి మరో రకం చిట్టెలుక వచ్చింది. మూత్ర మార్గపు లోపలి పొర మాత్రమే యూరోప్లాకిన్ అనే ప్రోటీన్లను తయారుచేస్తుంది. వాటిలో ఒకదాని జన్యువుకున్న స్విచ్‌ను తీసి, ఎస్‌వీ40 అనే కోతుల వైరస్‌లోని క్యాన్సర్ జన్యువుకు తగిలించారు. ఆ జన్యువు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది, మేలుకునేది మాత్రం ఆ పొరలోనే. విషం పెట్టే పని లేకుండా, పుట్టుకతోనే జబ్బు రాసిపెట్టి ఉన్న ప్రాణి అది. తలచుకుంటే బాధ కలుగుతుంది. అంతకంటే పనికొచ్చే పరికరం అప్పటికి లేదన్నదీ నిజం.

ఈ చిట్టెలుకతోనే ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో చింతలపల్లి వి. రావు ప్రయోగశాల పనిచేసింది. వెంకటేశ్వర్ మడ్కా, జగన్‌మోహన్ పట్లోళ్ల వంటి తెలుగు పేర్లు ఆ పరిశోధన పత్రాల మీద కనిపిస్తాయి. కణం దారి తప్పకుండా కాపలా కాసే పీ53 ప్రోటీన్‌ను నిలబెట్టే మందును 2013లో, కీళ్ల నొప్పుల కోసం తయారైన లికోఫెలోన్‌ను 2014లో ఈ చిట్టెలుకలకు మేతలో కలిపి పరీక్షించారు. కణితుల పెరుగుదల, లోపలికి చొచ్చుకుపోవడం రెండూ తగ్గాయి. మూత్రాశయ క్యాన్సర్ చికిత్సగా ఈ రెండు మందులూ ఇంకా వాడకంలోకి రాలేదు. ఎలుక దగ్గర గెలిచి మనిషి దగ్గర ఓడిపోయే మందులే ఎక్కువ.

గెలిచినవాటిలో ముందు చెప్పుకోవలసింది బీసీజీ. పుట్టిన బిడ్డకు క్షయ రాకుండా వేసే టీకానే ఇది. బీసీజీ ఇచ్చిన చిట్టెలుకలు కణితులను తట్టుకుంటున్నాయని లాయిడ్ ఓల్డ్ బృందం 1959లో చూపింది. కణితికి నేరుగా తగిలేలా ఇస్తే బాగా పనిచేస్తుందని గినీ పందుల మీద తేలింది. కుక్కల మూత్రాశయంలోకి ఎక్కించి చూసిన ఫలితాలు 1975లో వచ్చాయి. మరుసటి ఏడాదే కెనడా వైద్యుడు అల్వారో మోరాలెస్ 9 మంది రోగులకు, వారానికొకసారి చొప్పున ఆరు వారాలు గొట్టంతో మూత్రాశయంలోకి బీసీజీ ఎక్కిస్తే వచ్చిన మంచి ఫలితాలను ప్రచురించాడు. పైపొరకే పరిమితమై, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న క్యాన్సర్‌కు ఈనాటికీ ప్రధాన చికిత్స అదే.

2023లో మన దేశం కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువులకు బదులు మనిషి కణాలతో పెంచిన నమూనాల మీద పరీక్షలకూ దారి తెరిచింది. ఇది రావలసిన మార్పే. అయితే మూత్రం నిండుతూ ఖాళీ అవుతూ ఉండే సజీవ మూత్రాశయాన్ని గాజు పళ్లెంలో పూర్తిగా దించడం ఇంకా చేతకాలేదు.

ప్రయోగశాల సంగతి అలా ఉంచితే, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు, బార్లీ జావ తాగి ఊరుకునేవాళ్లు ఉన్నారు. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడి ఆగిపోయినా అది మూత్రాశయ క్యాన్సర్ తొలి గుర్తు కావచ్చు. హ్యూపర్ కుక్కలకు పెట్టిన బీటా నాఫ్తైలమీన్ పొగాకు పొగలోనూ ఉంది. ఇంట్లో బీడీ, చుట్ట తాగే పెద్దవాళ్లుంటే ఈ మాట చెప్పండి. రక్తం కనిపించిన వారంలోపే మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించి యూరాలజిస్టుకు చూపించండి.