క్లిక్కు వేరు... టిక్కెట్టు వేరు!

రిక్షాకు రెండువైపులా పోస్టర్లు, లోపల మైకు, వెనకాల కరపత్రాల కోసం పరుగులు తీసే పిల్లలు... ఒకప్పుడు ఊళ్లో సినిమా పబ్లిసిటీ అంటే అదే! ఆ కరపత్రం అందుకున్న వందమందిలో హాలుకు వచ్చిందెందరో నిర్మాతకు తెలిసేది కాదు. కలెక్షన్లు చూశాక బొమ్మ ఆడిందో లేదో తెలిసేది. ఏ పోస్టరు జనాన్ని లాక్కొచ్చిందో మాత్రం ఆ దేవుడికే ఎరుక!

ఇవాళ ఆ రిక్షా సెల్‌ఫోనులోకి వచ్చేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో ప్రకటన వేస్తే ఎందరికి కనిపించింది, ఎన్ని సెకన్లు చూశారు, ఎందరు వేలితో నొక్కారు... అన్నిటికీ లెక్క ఉంది. అయితే లెక్క ఉన్నంత మాత్రాన సరిపోదు. దాన్ని అడిగే పద్ధతి తెలియాలి.

రెండు స్టిల్స్ పందెం

ఒక చిన్న నిర్మాత ఉన్నాడనుకుందాం. తీసింది తల్లీకొడుకుల కథ, చివర్లో ఒకే ఒక్క ఫైటు. ఇంటి కాగితాలు ఫైనాన్షియర్ బీరువాలో ఉన్నాయి. ఆన్‌లైన్ ప్రకటనలకు చేతిలో మిగిలింది లక్ష రూపాయలు. "కత్తి పట్టుకున్న హీరో స్టిల్ వేద్దాం సార్, అదిరిపోతుంది" అంటాడు డైరెక్టరు. "బస్టాండులో తల్లీకొడుకులు కూర్చున్న స్టిల్లే బాగుందండీ" అంటుంది ఇంట్లో ఆవిడ. ఎవరి మాట వినాలి?

ఎవరి మాటా వినక్కర్లేదు, ప్రేక్షకుణ్ణే అడగొచ్చు! దీన్నే ఎ-బి టెస్ట్ అంటారు. ఒక్కో స్టిల్‌కు పదేసి వేలు. అవే ఊళ్లు, అవే రోజులు, అవే మాటలు. మారేది స్టిల్ ఒక్కటే. చీట్లు తీసినట్టు జనాన్ని రెండు భాగాలు చేసి, ఒకరికి ఒకటే కనిపించేలా చూడాలి. స్టిల్ మార్చి, మాటలు మార్చి, పాట కూడా మార్చేస్తే గెలిపించింది ఏదో ఎలా తెలుస్తుంది?

ఇక్కడో మోసం ఉంది సుమా! రెండు ప్రకటనలనీ ఒకే బుట్టలో పడేస్తే, మొదట కాస్త ఊపు కనిపించిన దానికే యంత్రం డబ్బంతా పోసేస్తుంది. రెండోదానికి న్యాయం జరగదు. అందుకే సమానంగా పంచే టెస్ట్ పద్ధతినే ఎంచుకోవాలి.

తొందర కూడా పనికిరాదు. నాణెం పదిసార్లు ఎగరేసి చూడండి. ఏడో అంతకన్నా ఎక్కువో బొమ్మలు పడటం దాదాపు ఆరింట ఒకసారి జరిగేదే. దాంట్లో మహిమేమీ లేదు. వెయ్యిసార్లలో ఏడువందలు పడితే మాత్రం నాణేన్ని అనుమానించాలి. మొదటిరోజు పది క్లిక్కులు చూసి పండగ చేసుకునే నిర్మాత కూడా ఈ నాణెం సంగతి గుర్తుంచుకోవాలి. వారం రోజులైనా ఆగాలి. ఆదివారం ఫోను చూసే మనిషీ, సోమవారం ఆఫీసు హడావిడిలో చూసే మనిషీ ఒకలా ఉండరు కదా!

గెలిచిందెవరు?

సరే, వారం గడిచింది. కత్తి స్టిల్‌ను 900 మంది నొక్కారు, వారిలో టిక్కెట్టు కొన్నది 30 మంది. బస్టాండు స్టిల్‌ను 600 మందే నొక్కారు, కాని కొన్నది 60 మంది అనుకోండి. క్లిక్కులు చూసినవాడు కత్తికి హారతి పడతాడు. టిక్కెట్లు చూసినవాడు బస్టాండుకు దండం పెడతాడు!

యూట్యూబ్‌వారు కూడా ఈ కిటుకు ఎరిగినవారే. వీడియో పైన కనిపించే బొమ్మలు మూడింటిదాకా పోటీ పెట్టి చూసుకునే సౌకర్యం 2024లో విస్తృతంగా అందుబాటులోకి తెచ్చారు. అందులో విజేతను తేల్చేది క్లిక్కులను బట్టి కాదు, జనం వీడియో చూసిన సమయాన్ని బట్టి! ఆశపెట్టి లోపలికి పిలవడం సులువే, కూర్చోబెట్టడమే కష్టం.

ఒకే సినిమా, వేర్వేరు ట్రైలర్లు

2015లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్'కు యూనివర్సల్ సంస్థ ఫేస్‌బుక్‌లో వేర్వేరు వర్గాలకు వేర్వేరు ట్రైలర్లు చూపింది. ఆ ర్యాప్ బృందం గురించి తెలిసిన నల్లజాతి ప్రేక్షకులకు ఒకటి, అసలు తెలియనివారికి పాత్రల్ని పరిచయం చేస్తూ మరొకటి. దాదాపు 2.8 కోట్ల డాలర్లతో తీసిన చిత్రం ప్రపంచమంతటా 20 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఘనతంతా ట్రైలర్లదే అనలేం. ఒకే ట్రైలరు అందరికీ వేసి ఉంటే ఏమయ్యేదో పోల్చి చూసే దారి లేదు కదా! జనాన్ని జాతినిబట్టి విడదీసి ప్రకటనలు వెయ్యడంపై 2016లో అమెరికాలో గట్టి విమర్శలూ వచ్చాయి. ఎవరికి ఏది నచ్చుతుందో తెలుసుకోవడం వేరు, మనిషికి ముద్ర వెయ్యడం వేరు.

మళ్లీ మన నిర్మాత దగ్గరికి వద్దాం. మిగిలిన ఎనభై వేలు దేనిమీద పెట్టాలి? బస్టాండు మీదే! టిక్కెట్లు తెగినందుకే కాదు, సినిమాలో ఉన్నది కూడా అదే కనుక. కత్తి చూసి వచ్చినవాడు తల్లి కన్నీళ్లు చూసి విసుక్కుంటే, ఇంటర్వెల్‌లోనే ఫోను తీసి ఊరంతా చాటేస్తాడు.

ఏ టెస్ట్ అయినా ప్రేక్షకుణ్ణి గేటుదాకానే తీసుకొస్తుంది. మార్నింగ్ షో వదిలాక, సైకిల్ స్టాండు దగ్గర జనం చెప్పుకునే మాటే అసలు ప్రకటన. దానికి బడ్జెట్టూ లేదు, రెండో టేకూ లేదు!