నీరు వెళ్ళిపోతూ చేసే పని

"సార్, నీళ్ళు కలిపి వేసిన రంగు వానకు ఎందుకు కారిపోదు?"

తొమ్మిదో తరగతిలో ద్రావణాల పాఠం మధ్యలో వచ్చిన ప్రశ్న ఇది. ఉప్పునీటిని ఎండబెడితే ఉప్పు మిగులుతుంది, మళ్ళీ నీళ్ళు పోస్తే మళ్ళీ కరుగుతుంది అని చెబుతున్నాను. ఆ పిల్లవాడి ఇంటికి అప్పుడే రంగులు వేయించారు. పెయింటరు బకెట్‌లో ఎమల్షన్ పోసి నీళ్ళు కలపడం వాడు చూశాడు. పని కాగానే రోలర్‌ని కుళాయి కింద పెడితే రంగంతా పోయి శుభ్రపడింది. కడగకుండా వదిలేసిన బ్రష్షు మాత్రం పొద్దుటికి కొయ్యలా బిగుసుకుపోయింది, ఎన్ని నీళ్ళు పోసినా కదల్లేదు. మధ్యలో జరిగిందల్లా నీరు ఆవిరైపోవడమే. పోయిన నీటిని తిరిగి పోస్తే రంగు మళ్ళీ పలచబడాలి కదా అన్నది వాడి వాదం. నేను చెబుతున్న పాఠం ప్రకారం ఆ వాదంలో తప్పేమీ లేదు.

పాత రంగుల సంగతి తేలిగ్గానే చెప్పవచ్చు. గోడకు కొట్టిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకొని కాల్షియం కార్బొనేట్‌గా, అంటే రాయిగా, మారుతుంది. కిటికీ చువ్వలకు వేసే ఎనామెల్‌లో టర్పెంటైన్ ఆవిరైపోయాక మిగిలిన నూనె అణువులు ఆక్సిజన్ సాయంతో ఒకదానికొకటి ముడిపడతాయి. రెండు చోట్లా రసాయన చర్య జరిగి కొత్త పదార్థం పుడుతుంది కనుక వెనక్కి తిరిగే దారి ఉండదు. మామూలు ఎమల్షన్ ఆరడానికి అలాంటి చర్య ఏదీ అక్కర్లేదు. అయినా అది వెనక్కి తిరగదు. ఇరవయ్యో శతాబ్దపు రసాయన పరిశ్రమ చేసిన పనుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే.

అసలు రహస్యం ఏమిటంటే, ఎమల్షన్‌లో జిగురు నీటిలో కరిగి ఉండదు. డబ్బాలో ఉన్నది ద్రావణం కాదు. నీటిలో తేలే ప్లాస్టిక్ పూసలు. ఒక్కో పూస అడ్డుకొలత మైక్రాన్‌లో పదో వంతు అటూఇటూ. తలవెంట్రుక మందం మీద వరసగా పేరిస్తే కొన్ని వందలు పడతాయి. ఒక్క మిల్లీలీటరు రంగులో ఇలాంటివి వందల లక్షల కోట్లు ఉంటాయి. ప్రతి పూస చుట్టూ సబ్బులాంటి అణువుల పొర ఒకటి కాపలా ఉండి, పక్క పూసను తాకనీయదు.

ఈ పూసల తయారీలోనే ఒక గొప్ప తెలివి ఉంది. గట్టి పొర కావాలంటే పాలిమర్ గొలుసులు పొడుగ్గా ఉండాలి. అంత పొడవు గొలుసుల్ని ఏ థిన్నర్‌లోనో కరిగిస్తే ద్రావణం బంకలా సాగుతుంది, బ్రష్షు కదలదు. పలచగా ఉంచడానికి గొలుసుల్ని పొట్టిగా కత్తిరిస్తే పొర బలహీనపడుతుంది. థిన్నర్ రంగులను ఇది ఎప్పుడూ వేధించే చిక్కు. నీటిలో సబ్బు, గొలుసుకు లంకెలయ్యే మోనోమర్ కలిపి అక్కడికక్కడే పాలిమర్‌ని పెంచితే గొలుసు ఎంత పొడుగైనా పూసలోపలే చుట్టుకొని కూర్చుంటుంది. బయటున్న నీటికి ఆ పొడవుతో పనే లేదు. అందుకే సగానికి సగం ప్లాస్టిక్ ఉన్న ఎమల్షన్ కూడా పాలలా జారుతుంది. చర్యలో పుట్టే వేడిని కూడా ఆ నీరే లాగేసుకుంటుంది.

ఇప్పుడు గోడ మీదికి వద్దాం. ఈ ఆరడాన్ని కంటితో చూడాలంటే వడ్రంగులు వాడే తెల్ల ఫెవికాల్ చాలు. అదీ ఇలాంటి పూసల ఎమల్షనే, పాలివినైల్ అసిటేట్‌ది. ఒక చుక్కను గాజు పలక మీద పలచగా పులిమి, కింద నల్ల కాగితం పెట్టి చూడండి. మొదట చుక్కంతా తెల్లగా ఉంటుంది. పూసలకూ నీటికీ మధ్య ఉన్న లెక్కలేనన్ని సరిహద్దుల దగ్గర వెలుతురు చెదిరిపోవడమే ఆ తెలుపుకు కారణం. కాసేపటికి అంచు వెంబడి సన్నని గీత పారదర్శకంగా మారుతుంది. ఆ గీత మెల్లగా లోపలికి జరుగుతుంది, తెల్లటి భాగం కుంచించుకుపోతుంది. చివరికి తెలుపు పూర్తిగా మాయమై నల్ల కాగితం స్పష్టంగా కనిపిస్తుంది. వెలుతురును చెదరగొట్టే సరిహద్దులు లేకుండా పోయాయన్నమాట. మా తరగతిలో ఇది చూపించినప్పుడు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ సరిహద్దులు మూడు అంచెల్లో పోతాయి. నీరు తగ్గే కొద్దీ పూసలు దగ్గరై, చివరికి ఒకదాన్నొకటి ఆనుకొని పేర్చినట్టు నిలుస్తాయి. చక్కగా పేరుకున్న చోట ఒక్కోదాని చుట్టూ పన్నెండు పూసలు చేరతాయి. తర్వాత అవి నలిగి, ఖాళీలన్నీ పూడిపోయేలా పన్నెండు ముఖాల దిమ్మెలుగా మారతాయి. ఇంతటితో ఆగిపోతే అది నొక్కి కట్టిన బూందీ లడ్డూ లాంటిది, వేలితో నొక్కితే విడిపోతుంది. మూడో అంచెలో ఒక పూసలోని గొలుసుల కొసలు సరిహద్దు దాటి పక్క పూసలోకి పాకుతాయి. అటువి ఇటు, ఇటువి అటు చిక్కుకుపోయాక ఏది ఏ పూసో చెప్పలేం. నీరు తిరిగొచ్చినా విడదీయడానికి అక్కడ పూసలు మిగలవు. ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఈ మూడో అంచెలో ఉంది.

రెండో అంచె మాత్రం శాస్త్రవేత్తల మధ్య పెద్ద తగువే తెచ్చింది. గుండ్రటి ప్లాస్టిక్ పూసను నలిపి దిమ్మెగా మార్చడానికి బలం కావాలి. గోడ మీద ఎవరూ అదమడం లేదు. మరి ఆ బలం ఎక్కడిది?

1951లో డిల్లన్, మాథెసన్, బ్రాడ్‌ఫర్డ్ ఒక జవాబు చెప్పారు. నీరు పోయాక పూసల తలతన్యతే వాటిని కలిపేస్తుందని, రెండు చుక్కలు తాకగానే ఒకటైనట్టు మెత్తటి పాలిమర్ కూడా నిదానంగా ఒకటవుతుందని వాళ్ళ మాట. ఆ లెక్కన నీటికి ఏ పాత్రా లేదు, అది ఎంత త్వరగా తప్పుకుంటే అంత మంచిది. 1956లో బ్రౌన్ దీన్ని తిప్పికొట్టాడు. పని చేసేది నీరే, అదీ వెళ్ళిపోయే క్షణంలోనే అన్నాడు. పూసల సందుల్లో చిక్కుకున్న చివరి నీటి ఉపరితలం లోపలికి వంగుతుంది. సందు ఎంత ఇరుకైతే వంపు అంత తీవ్రం, వంపు ఎంత తీవ్రమైతే లాగుడు అంత ఎక్కువ. సన్నని గాజు గొట్టంలో నీటిని పైకెక్కించే కేశనాళిక బలమే ఇది. అయితే ఇక్కడి సందులు మైక్రాన్‌లో చిన్న భాగం కనుక పీడనం వాతావరణ పీడనానికి పదుల రెట్లు చేరుతుంది. పైనుంచి నొక్కేవాళ్ళు లేకపోయినా పూసలు లోపలినుంచి నలిగిపోతాయి.

1965లో షీట్జ్ మరో మాట చేర్చాడు. పై పొరలోని పూసలు ముందే కలిసిపోయి ఒక చర్మంలా ఏర్పడతాయి. కింద మిగిలిన నీరు ఆ చర్మం గుండా మెల్లగా బయటికి పోతుంటే, చర్మం కిందికి దిగుతూ లోపలి పూసలను అదుముతుంది.

నాకు మొదటినుంచీ బ్రౌన్ పక్షమే ఇష్టం. నీటిని కేవలం మోసుకొచ్చే వాహనంగా చూసే చోట, వెళ్ళిపోతూ అది చేసే పనిని పసిగట్టాడాయన. అయితే ప్రకృతి ఎవరి పక్షమూ తీసుకోలేదు. 1999లో రౌత్, రస్సెల్ ఈ వాదాలన్నిటినీ ఒకే చిత్రంలోకి తెచ్చారు. పాలిమర్ ఎంత మెత్తన, నీరు ఎంత వేగంగా పోతోంది, పూత ఎంత మందం అన్నదాన్ని బట్టి వీటిలో ఏదైనా జరగవచ్చు. పూసలు బాగా మెత్తగా ఉండి పైనుంచి నీరు చప్పున ఎగిరిపోతే చర్మం కడుతుంది, కాస్త గట్టి పూసలైతే కేశనాళిక బలం పని చేస్తుంది. అదే డబ్బా, అదే పెయింటరు, అదే గోడ అయినా రోహిణి కార్తెలో ఒక తీరు, ముసురు పట్టినప్పుడు మరో తీరు. మండే ఎండలో వేడెక్కిన గోడ మీద ఎమల్షన్ వేయొద్దని అనుభవమున్న పెయింటర్లు చెప్పే మాటకు అర్థం ఇదే. పూసలు సర్దుకొని నలిగే వ్యవధి దొరకకపోతే పొర చిట్లుతుంది.

చలిలో కష్టం మరో రకం. ప్రతి ఎమల్షన్‌కూ ఒక కనిష్ఠ ఉష్ణోగ్రత ఉంటుంది, అంతకన్నా చల్లబడితే పూసలు గట్టిపడి నలగవు. నీరు పోయాక పొరకు బదులు పగుళ్ళు బారిన తెల్లటి పొడి మిగులుతుంది. చలి దేశాల వడ్రంగులకు తెల్ల జిగురు సుద్దలా మారిపోవడం బాగా తెలిసిన బెడద. లంబసింగి డిసెంబరు చలి గాలిలో గోడకు రంగు వేయాలంటే మనకూ అదే భయం.

మరి పూసల్ని బాగా మెత్తటి పాలిమర్‌తో చేస్తే సరిపోదా? సరిపోదు. మెత్తటి పూసల పొర ఎండకు జిగటగా మారి, రోడ్డు మీది దుమ్మునంతా పట్టుకుంటుంది. కలిసేటప్పుడు మెత్తన, కలిశాక గట్టి, ఈ రెండూ ఒకే పాలిమర్‌లో కావాలి. దీనికి దొరికిన ఉపాయం టెక్సనాల్ వంటి ద్రవాలు. అవి పూసలోకి చొరబడి దాన్ని తాత్కాలికంగా మెత్తబరుస్తాయి. నలగడం, కలవడం పూర్తయ్యాక రోజులు, వారాలు పట్టి గాలిలోకి పోతాయి, పొర గట్టిపడుతుంది. కొత్త రంగు వేసిన గదిలో గోడ ఆరిపోయాక కూడా వదలని వాసనలో వీటి వాటా ఉంది. ఆ ఆవిరి మంచిది కాదని తేలాక, లోపల గట్టి, బయట మెత్తన ఉండే రెండు పొరల పూసలు వచ్చాయి. ఈ రోజుల్లో వాసన రాని పెయింట్ అని అమ్మేవాటి వెనుక ఉన్న పరిశోధనలో పెద్ద భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది.

ఏ ప్లాస్టిక్‌తో పూసలు చేయాలన్నది ఇంకో పోటీ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కృత్రిమ రబ్బరు కోసం స్టైరీన్, బ్యూటడయీన్ పరిశ్రమను భారీగా పెంచింది. యుద్ధం ముగిశాక ఆ రసాయనం గోడల మీదికి వచ్చింది. 1948 ప్రాంతంలో గ్లిడెన్ కంపెనీ తెచ్చిన స్ప్రెడ్ శాటిన్ దానితో చేసిందే. అయితే ఆ గొలుసుల్లో ద్విబంధాలు మిగిలి ఉంటాయి. ఎండ, ఆక్సిజన్ వాటిని వెతికి పట్టుకుంటాయి, పొర పసుపెక్కి పెళుసవుతుంది. వినైల్ అసిటేట్ చవక, కానీ కొత్త సిమెంటు గోడలోని క్షారం దాని ఎస్టర్ గుంపులను కొరికేస్తుంది. ఈ రెండు దెబ్బలకూ తట్టుకున్నది ఆక్రిలిక్. 1901లో ఓటో రోమ్ అనే జర్మన్ విద్యార్థి డాక్టరేట్ సిద్ధాంతవ్యాసంగా పట్టుకున్న రసాయనం అది. ఆయన భాగస్వామిగా మొదలైన రోమ్ అండ్ హాస్ కంపెనీ అమెరికాలో యుద్ధ విమానాలకు ఆక్రిలిక్ గాజు అద్దాలు చేసింది. యుద్ధం అయిపోగానే ఆ గిరాకీ పడిపోయింది. 1953లో అదే కంపెనీ రోప్లెక్స్ ఏసీ-33 అనే ఆక్రిలిక్ ఎమల్షన్‌ను రంగుల కంపెనీల ముందు పెట్టింది. మన ఇళ్ళ బయటి గోడల మీద ఉన్నది దాని సంతతే.

తర్వాతి కథను గబగబా చెప్పేస్తాను. తెలుపు కోసం వాడిన సీసం పోయి టైటానియం డయాక్సైడ్ వచ్చింది. దాని ముడిసరుకైన ఇల్మనైట్ మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని భారత ప్రభుత్వం 2016లో నియమం తెచ్చింది. టైటానియం ఖరీదు తగ్గించడానికి 1980లలో రోమ్ అండ్ హాస్ వాళ్ళే బోలు పూసలు తయారు చేశారు. వాటిలో నీరు నిండి ఉంటుంది, ఆరాక నీరు పోయి గాలి మిగులుతుంది, ఆ గాలి బుడగే వెలుతురును చెదరగొట్టి తెలుపునిస్తుంది. ఇక్కడా పని చేసింది వెళ్ళిపోయిన నీరే.

ఇప్పుడు అందరి చూపూ చల్లబరిచే రంగుల మీద ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. అంతకు రెండేళ్ళ ముందు అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం సూర్యకాంతిలో 98.1 శాతాన్ని తిప్పికొట్టే తెల్ల రంగు చేసింది. అందులో వాడిన బేరియం సల్ఫేట్, కడప వైపు మంగంపేటలో తవ్వే ముగ్గురాయిలోని పదార్థమే. జిగురుగా వాడింది ఆక్రిలిక్. అయితే అంత తెలుపు కోసం పొడిని ఘనపరిమాణంలో 60 శాతం దాకా కూరారు. మామూలు ఇంటి రంగుల్లో పొడి అంత ఎక్కువైతే గింజల మధ్య సందులు నింపడానికి పాలిమర్ చాలదు, పొర పొడి రాలుతుంది. డిస్టెంపర్ గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటేది ఇందుకే. డాబా మీద ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి నిలవాల్సిన పూతలో అంత పొడిని అంత కొద్ది ఆక్రిలిక్ ఎంతకాలం పట్టి ఉంచుతుందన్నది ఇప్పుడు తేలాల్సిన లెక్క.